బొగ్గు కోసం వండిన కార్జం

ఆమెకు కుక్కలంటే చచ్చేంత భయం. వీధి చివర ఒక కుక్క పడుకుని ఉంటే చుట్టూ తిరిగి ఇంకో వీధిలోంచి ఇంటికి పోయే రకం. అలాంటి మనిషికి కుక్కలకు వంట చేసే ఉద్యోగం దొరికిందని తెలిసి చెల్లెలు పొట్ట పట్టుకుని నవ్వింది.

"నువ్వు వండుతావు సరే. వడ్డించేదెవరక్కా?" అంది.

ఆ చెల్లెలి ఇంట్లోనే ఆమె ఉండేది. పెళ్ళైన కొన్నాళ్ళకు భర్త పని వెతుక్కుంటానని వేరే ఊరు వెళ్ళాడు. పని దొరికిందో, ఇంకెవరైనా దొరికారో గానీ మళ్ళీ రాలేదు. అప్పుడు చెల్లెలే వచ్చి పెట్టె సర్దించింది. "నాకు రెండు గదులున్నాయి. ఒకదాంట్లో నువ్వు కూర్చుని ఏడువు, ఇంకోదాంట్లో నేను నిద్రపోతా. కానీ అన్నం వేళకి మాత్రం ఇద్దరం ఒకచోట కూర్చుందాం" అంది. వయసుకు చిన్నదే గానీ ఇంట్లో పెద్దరికం దానిదే.

చెల్లెలు పనిచేసేది ఒక పెద్ద లాండ్రీలో. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల పక్కగుడ్డలు మూటలు మూటలుగా వచ్చేవి. ఆవిరితో నడిచే ఇస్త్రీ యంత్రం దగ్గర నిలబడి వాటిని మడతపెట్టి పంపడం దాని పని. అక్కను కూడా అక్కడే చేర్పించింది. ఆ ఆవిరికి తట్టుకోలేక అక్క రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది. తరవాత ఎవరో చెబితే ఈ కుక్కల వంట పని కుదిరింది.

అవి ఇళ్ళలో పెంచుకునే కుక్కలు కావు. భవనాలు కూలినప్పుడు శిథిలాల కింద ఎవరైనా ప్రాణాలతో ఉంటే వాసన పట్టి మొరగడానికి తర్ఫీదు ఇచ్చినవి. వాటిని నడిపించే దళం ఊరి చివర ఒక పాత గోదాములో ఉండేది. అక్కడ అందరూ ఆమెను వంటక్క అనేవారు. వంటగది అంటే ఒక రాతి గట్టు, రెండు పొయ్యిలు, మూతపడిన బేకరీవాళ్ళు ఊరికే ఇచ్చేసిన ఒక ముసలి ఓవెను.

ఆ కుక్కలన్నిట్లో నల్లది ఒకటుండేది. దాని పేరు బొగ్గు. ముక్కు విషయంలో దానికి సాటి లేదు గానీ, ఆమె చేరిన కొత్తల్లో చెవులు రక్తం వచ్చేలా గోక్కునేది. పశువుల డాక్టరు వచ్చి చూసి, బహుమానంగా పెట్టే రంగు బిస్కెట్ల డబ్బా వాసన చూసి మూత పెట్టేశాడు.

"ఇవి ఆపేయండి. ఇంట్లో చేసినట్టు ఏదైనా చేసి పెట్టండమ్మా. ఉప్పు వద్దు, పంచదార వద్దు, ఉల్లిపాయ తగలనే కూడదు" అన్నాడు.

ఆ బహుమానం చిన్న సంగతి కాదు. దాక్కున్న మనిషిని కుక్క కనిపెట్టి మొరిగితే ఆ మనిషి చేతిలోంచే తినడానికి దొరుకుతుంది. దానికదే కూలి. కూలి నచ్చకపోతే కుక్కైనా పనెందుకు చేస్తుంది?

ఆమె మొదట ఓట్సు పిండి, గుడ్డు కలిపి బిళ్ళలు కాల్చింది. అవి రాళ్ళయ్యాయి. బొగ్గు ఒకటి మర్యాదగా నోట కరుచుకుని వెళ్ళి, పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టి వచ్చింది. అందరూ నవ్వారు. ఆమెకు పౌరుషం వచ్చింది. ఉడికించిన గుమ్మడికాయ కలిపింది, చిలగడదుంప కలిపింది. తిన్నాయి గానీ, కళ్ళలో వెలుగు లేదు. చివరకు మేక కార్జం తెచ్చింది. నీళ్ళలో ఉడికించి, చల్లార్చి, ఆకులంత పల్చగా కోసి, ఓవెను తలుపు కాస్త ఓరగా పెట్టి సన్నటి వేడిమీద ఎండబెట్టింది. విరిస్తే చిటుక్కుమనాలి, అదీ లెక్క. ఉడికించిన నీళ్ళు పారబొయ్యకుండా వాటితోనే ఓట్సు పిండి తడిపింది.

ఆ రోజు నుంచి బొగ్గు వంటగది గడప దగ్గరే కాపురం పెట్టింది. ఆమె మొదట్లో దూరంనుంచి ముక్కలు విసిరేది. తరవాత గరిటె మీద పెట్టి అందించేది. ఒకనాడు ఓట్సు పిండి కలుపుతూ ఏదో ఆలోచనలో ఉండి చూసుకుంటే, తన ఎడమచెయ్యి దాని తల మీద ఉంది. ఎప్పుడు పెట్టిందో తనకే తెలియదు. బొగ్గును నడిపించే శిక్షకుడు అది చూసి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మాటలు పొదుపుగా వాడే మనిషి అతను.

లాండ్రీ కూలిన రోజు పొద్దున్న ఆమె కార్జం కోస్తూ ఉంది. దళం గంట మోగింది. బయట బూట్ల చప్పుడు, కుక్కల మొరుగుడు. వ్యాను డ్రైవరు నీళ్ళ డబ్బాల కోసం లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

"ఎక్కడ?" అని అడిగింది. ఎప్పుడూ అడిగే మాటే.

"లాండ్రీ బిల్డింగంట అక్కా. మూడంతస్తులూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయంట."

"ఏ లాండ్రీ?"

అతను చెప్పాడు. ఆమె పొయ్యి ఆపింది, ఎండిన ముక్కల డబ్బా తీసుకుంది, వెళ్ళి వ్యానులో ఎక్కి కూర్చుంది. రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. దారిపొడుగునా చెల్లెలికి ఫోను చేస్తూనే ఉంది. అవతల మోగుతోంది. అలా మోగుతున్నంతసేపూ, ఎక్కడో ఒకచోట దాని సంచీలో ఆ ఫోను ఉంది కదా అనుకుంది. కాసేపటికి మోగడం కూడా ఆగిపోయింది.

అక్కడ భవనం లేదు. గుట్ట ఉంది. గుట్టలోంచి తెల్ల దుప్పట్లు నాలుకల్లా బయటికి వేలాడుతున్నాయి. గాలి నిండా సిమెంటు దుమ్ము, దాంట్లో సబ్బు వాసన. లోపల చిక్కుకున్నవాళ్ళ బంధువులను పోలీసులు తాడు అవతలికి, అక్కడినుంచి పక్కనున్న బడి ఆవరణలోకి పంపేస్తున్నారు. ఒక ముసలాయన తాడు పట్టుకుని, "నా కోడలండీ, నా కోడలు" అంటున్నాడు. ఇద్దరు అతన్ని మెల్లగా నడిపించుకుపోయారు.

అది చూసి ఆమె నోరు కుట్టేసుకుంది. లోపల నా చెల్లెలుందని ఒక్క మాట అంటే తననూ ఆ బడిలోకే పంపేస్తారు. దళం చొక్కా వేసుకుని, చేతిలో కుక్కల డబ్బా పట్టుకుని ఉన్నంతసేపూ తాడు ఇవతల ఉండొచ్చు. కుక్కలకు నీళ్ళు పొయ్యడం మొదలుపెట్టింది.

ఆ రోజంతా కుక్కలు గుట్ట ఎక్కాయి, దిగాయి. ఒకదాని కాలు గాజుపెంకుకి తెగింది. ఇంకొకటి ఎండకు సొమ్మసిల్లింది. బొగ్గు మాత్రం ఆగలేదు. నల్లటి కుక్క దుమ్ము పట్టి బూడిద రంగుకు తిరిగింది. కానీ అది ఎక్కడా మొరగలేదు, చెవులు వాల్చి ఆగిన చోటల్లా దొరికినవాళ్ళెవరూ ప్రాణంతో లేరు. ఒక్కొక్కరిని స్ట్రెచరు మీద తెస్తుంటే ఆమె వెళ్ళి పాదాలు చూసేది. చెల్లెలి పాదాలు కావు. హమ్మయ్య అనుకునేది. అనుకున్న మరుక్షణం, ఎవరి బిడ్డో పోతే హమ్మయ్య అంటున్నానే అని తన మీద తనకే రోత పుట్టేది. మళ్ళీ ఇంకో స్ట్రెచరు వస్తే మళ్ళీ అదే మాట.

మర్నాడు ఎండ ఎక్కుతుండగా బొగ్గు పడుకుంది. గుట్ట మధ్యలో ఒక పలక మీద, తల ముందుకాళ్ళ మీద పెట్టుకుని పడుకుంది. శిక్షకుడు పిలిస్తే తోక కదిలింది, అంతే. ఎత్తుకుని కిందికి తెచ్చాడు. ఆమె కార్జం ముక్క దాని మూతి దగ్గర పెట్టింది. బొగ్గు ముఖం పక్కకు తిప్పుకుంది. ఇంకో ముక్క పెట్టింది. కళ్ళు మూసుకుంది.

"ఏమైంది దానికి?" అంది.

"ఒంట్లో ఏం లేదక్కా. నిన్నటినుంచి వెతికిన ప్రతిచోటా చావే. ఒక్క మనిషీ లేచి దాన్ని మెచ్చుకోలేదు, పెట్టలేదు. దానికీ మనసుంటుంది కదా. విరిగిపోయింది" అన్నాడు శిక్షకుడు.

దళనాయకుడు అప్పుడే వచ్చాడు. మంచివాడే గానీ నిద్రలేక కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. మిగతా కుక్కలు అలిసిపోయాయి, లోపలినుంచి ఉలుకూ పలుకూ లేదు, ఇక పెద్ద యంత్రాలు దింపి గుట్ట తవ్వేద్దామని పైవాళ్ళు అంటున్నారని చెప్పాడు. యంత్రాలు దిగాయంటే అర్థం ఆమెకు తెలుసు. ఉక్కు పళ్ళు ఎవరిని చూసి ఆగుతాయి?

"సార్, కాసేపు ఆగండి" అంది. దళనాయకుడితో ఆమె మాట్లాడటం అదే మొదటిసారి. "ఇవి పాత ముక్కలు సార్. ఎండి నాలుగు రోజులైంది, దుమ్ము కూడా పట్టింది. తాజాగా చేసి పెడితే తింటుంది. అది తిందంటే లేస్తుంది."

ఆయన శిక్షకుడి వంక చూశాడు. శిక్షకుడు తల ఊపాడు. "యంత్రాలు రావడానికి ఎలాగూ మధ్యాహ్నం అవుతుంది. అప్పటిదాకా చూడండి" అని దళనాయకుడు వెళ్ళిపోయాడు.

ఆమె పరుగెత్తింది. మాంసం కొట్టువాడు తలుపులు మూసుకుని బయట నిలబడి అందరిలాగే గుట్ట చూస్తున్నాడు. బతిమాలి తెరిపించి కార్జం తీసుకుంది. వీధి మలుపులో టీ కొట్టు ఆవిడ పొయ్యి ఇచ్చింది. ఉడికించడం సరే, ఎండబెట్టడమెలా? ఓవెను లేదు. పెనం మీద ముక్కలు పరిచి సన్నమంట పెట్టింది. సన్నమంట మీద ఆరాలంటే పూట పడుతుంది. పూట ఎక్కడుంది? మంట పెంచింది. మాడిపోయాయి. ఆ మాడు వాసనకి ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. "ఇంకో వాయి వెయ్యమ్మా, పెనం నేను కడిగిస్తాలే" అంది టీ కొట్టు ఆవిడ. రెండో వాయి వేసి, గరిటె కోసం వెతికే ఓపిక లేక వేళ్ళతోనే తిప్పింది. వేళ్ళు బొబ్బలెక్కాయి. ముక్కలు చిటుక్కుమనలేదు, తోలులా సాగుతున్నాయి. అయినా వాసన మాత్రం అదే వాసన. కొంగులో కట్టుకుని పరుగెత్తింది.

బొగ్గు వాసన చూసింది. ముక్కు అదిరింది. ఆమె అరచేతిని ఒకసారి నాకింది. తినలేదు.

ఆమె అలా మోకాళ్ళ మీదే ఉండిపోయింది. చేతిలో వేడి ముక్కలు, ఎదురుగా కళ్ళు మూసుకున్న కుక్క, వెనక వీధిలో ఎక్కడో యంత్రం వస్తున్న చప్పుడు. తన వంట మీద తనకున్న నమ్మకమంతా ఒక్క క్షణంలో నీరుగారిపోయింది.

"ఊరికే పెడితే తినదక్కా. అది భిక్షం అనుకుంటుంది. బతికున్న మనిషి దానికి దొరకాలి" అన్నాడు శిక్షకుడు. "నేను దాక్కుంటే లాభం లేదు, ఇందాక దాక్కుని చూశాను. తర్ఫీదులో చాలాసార్లు దాక్కున్నవాణ్ణే, నేనైతే ఉత్తుత్తిదని కనిపెట్టేస్తుంది. ఇంకెవరైనా లోపలికి వెళ్తే..."

"నేను వెళ్తాను."

"చీకటిగా ఉంటుంది. పైన చెక్కలు కప్పేస్తాం."

"నేను వెళ్తానన్నాగా."

గుట్ట అంచున విరిగిన మెట్ల కింద ఒక బొరియలాంటి ఖాళీ ఉంది. లోపల ఏ ప్రమాదమూ లేదని చూసి ఆమెను పాక్కుంటూ వెళ్ళమన్నారు. ముక్కలు పిడికిట్లో పట్టుకుని ముడుచుకుని పడుకుంది. చెక్కలు కప్పారు, వాటిమీద తడి దుప్పట్లు వేశారు. వెలుతురు పోయింది.

బయట మాటలు వినిపించడం లేదు. తన ఊపిరే తనకు పెద్దగా వినిపిస్తోంది. నోట్లోకి దుమ్ము వచ్చింది. చెయ్యి చాపబోతే సిమెంటు తగిలింది, కాలు చాపబోతే సిమెంటు తగిలింది. ఒక్క అరచెయ్యి మందం గాలి. తనకు తెలుసు కదా, కాసేపట్లో తీస్తారని. తెలిసినా ఒళ్ళంతా చెమటలు పట్టాయి. తెలియనివాళ్ళకు ఎలా ఉంటుంది? నిన్నటినుంచి ఎలా ఉండి ఉంటుంది? ఆ ఆలోచన రాగానే, ఇంతవరకూ కుట్టేసుకున్న నోరు దానంతటదే తెరుచుకుంది. చెల్లెలిని పిలవడం మొదలుపెట్టింది. ఇంట్లో పిలిచినట్టే, "చిన్నీ, ఒసే చిన్నీ" అని పిలిచింది. జవాబు లేదని తెలిసినా ఆపలేకపోయింది.

ముందు గోళ్ళు గీరిన చప్పుడు వినిపించింది. తరవాత ముక్కుతో గట్టిగా పీల్చిన చప్పుడు. ఆ తరవాత మొరుగుడు. ఒకటి, ఇంకొకటి, ఇక ఆగకుండా. చెక్కలు లేచాయి. వెలుతురుతో పాటు బొగ్గు తల లోపలికి వచ్చి ఆమె మెడ, చెవులు, కన్నీళ్ళు అన్నీ నాకేసింది. ఆమె పిడికిలి విప్పింది. మాడీ మాడని, ఆరీ ఆరని ఆ ముక్కలన్నీ ఒక్కటి మిగల్చకుండా తినేసింది.

శిక్షకుడు ఆమెను చెయ్యి పట్టి బయటికి లాగాడు. వెంటనే వదల్లేదు.

"చిన్నీ ఎవరక్కా?"

ఇంక దాచి లాభం లేదు. "నా చెల్లెలు. మొదటి అంతస్తులో, ఇస్త్రీ దగ్గర" అంది.

నియమం ప్రకారం అతను ఆ క్షణమే దళనాయకుడికి చెప్పి ఆమెను బడికి పంపించేయాలి. బొగ్గు గొలుసు అందుకున్నాడు. "నాకు చెవులు సరిగ్గా వినపడవు, అందరికీ తెలిసిందే" అని, కుక్కను తీసుకుని గుట్ట ఎక్కాడు.

బొగ్గు నడకే మారిపోయింది. తోక నిలబడింది. గుట్ట వెనక వైపు, ఆవిరి గొట్టాలు వంకర్లు తిరిగి బయటికి వచ్చిన చోట ఆగింది. చుట్టూ తిరిగింది. మొరిగింది. ఆ మొరుగుడు విని తాడు అవతల ఉన్నవాళ్ళు కూడా మాటలు ఆపేశారు. దళనాయకుడు చెయ్యి ఎత్తి యంత్రాన్ని వీధి మొదట్లోనే ఆపించాడు. మనుషులు వరసగా నిలబడి ఇటుక ఇటుకా చేతులు మార్చారు. సాయంత్రానికి ఒక కన్నం పడింది. కన్నంలోంచి ఒక చెయ్యి వచ్చింది. మగవాడి చెయ్యి.

ఇస్త్రీ యంత్రాలు బాగుచేసే మెకానిక్కు అతను. కాలు నలిగింది గానీ స్పృహలో ఉన్నాడు. స్ట్రెచరు మీదికి ఎక్కిస్తుంటే ఆమె అడ్డం వెళ్ళి వంగింది.

"ఇస్త్రీ దగ్గర చేసే ఆవిడ. పొట్టిగా ఉంటుంది, గట్టిగా మాట్లాడుతుంది. ఎక్కడైనా..."

"గోడకి అవతలే ఉందమ్మా" అన్నాడు. పెదాలు పగిలి మాట సరిగా రావడం లేదు. "రాత్రంతా మాట్లాడుతూనే ఉంది. తెల్లవారాక పలకలేదు."

ఆ గోడ వైపు బొగ్గును తీసుకెళ్ళారు. ఆమె కింద నిలబడి చూస్తోంది. ఆ కుక్క చెవి కదలిక, తోక కదలిక ఆమెకు కంఠతా వచ్చు. బొగ్గు ముక్కు నేలకు ఆనించింది. రెండడుగులు వేసింది. చెవులు వెనక్కి వాలాయి. మొరగలేదు. వెనక్కి వచ్చి శిక్షకుడి కాళ్ళకు ఒరిగి నిలబడింది.

"ఏమంటోంది?" అని దళనాయకుడు అడిగాడు. శిక్షకుడు వంగి బొగ్గు మెడ నిమిరాడు. ఆమె వైపు చూడలేదు.

"ప్రాణంతో ఎవరూ లేరంటోంది సార్" అని ఆమే చెప్పింది. "అక్కడ నా చెల్లెలుంది. మెషిన్లు మాత్రం పెట్టకండి. చేతుల్తో తియ్యండి."

చేతుల్తోనే తీశారు. తెలిశాక కూడా ఆమెను ఎవరూ బడికి పంపలేదు.

తరవాత ఆమె పనికి వెళ్ళలేదు. రెండు గదుల్లో ఏ గదిలో కూర్చోవాలో తెలియక గుమ్మం మీద కూర్చునేది. పొద్దున్న మొదలు ఒకటే లెక్క. మొదటి రోజే తను బొరియలోకి దూరి ఉంటే? తను నోరు మూసుకోకుండా చెల్లెలు ఫలానా అంతస్తులో ఉందని ముందే చెప్పి ఉంటే, అక్కడే ముందు వెతికేవారేమో. టీ కొట్టు దగ్గర ఆ మొదటి వాయి మాడ్చకుండా ఉంటే? ఎంత తిప్పి వేసినా ఆ లెక్క తేలేది కాదు. ఓదార్చడానికి వచ్చినవాళ్ళు, "నీ వల్ల ఒక ప్రాణం నిలబడింది కదమ్మా" అనేవారు. ఆ మాట వింటే ఆమెకు ఒళ్ళు మండేది. ఆ ప్రాణం కోసమా తను కార్జం వండింది?

శిక్షకుడు ఒకసారి వచ్చాడు. గుమ్మం మీద ఆమె పక్కనే కూర్చున్నాడు.

"బొగ్గు తింటోందా?" అని అడిగింది.

అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషి. "తింటోందక్కా. ఏది పెట్టినా తింటోంది. నేను వండిందీ తింటోంది" అన్నాడు.

చాలా రోజుల తరవాత ఆమె ముఖంలో నవ్వులాంటిదేదో కదిలింది. వెంటనే పోయింది. లేవబోతూ అతను, మెకానిక్కు ఆమెను చూడాలంటున్నాడని చెప్పాడు. నాకు చూడాలని లేదు అంది. కానీ వారం తిరక్కుండానే ఆసుపత్రికి వెళ్ళింది.

అతని కాలు మోకాలి కిందినుంచి తీసేశారు. ఆమె స్టూలు మీద కూర్చుని, చెల్లెలు ఆ రాత్రి ఏం మాట్లాడిందో ఒక్క ముక్క వదలకుండా చెప్పమంది. అతను గుర్తు తెచ్చుకుంటూ చెప్పాడు. గొప్ప మాటలేమీ కావు. యంత్రం ఎప్పుడూ సరిగ్గా బాగుచెయ్యలేదని అతన్ని తిట్టింది. కుట్టడానికిచ్చిన జాకెట్టు ఇంకా తెచ్చుకోలేదని బాధపడింది. దాహం వేస్తోందంది. అతను ఏడిస్తే ఊరుకోమంది.

"'మా అక్క కుక్కలొస్తాయి, భయపడకు' అంది. 'నల్లది ఒకటుంది, అది వస్తే చాలు' అని ఒకటికి పదిసార్లు చెప్పింది. 'మొరుగుడు వినపడితే గోడ మీద కొట్టు, నా గొంతు పోయింది, నేను అరవలేను' అంది."

చెల్లెలు ఆశతోనే పోయిందా, ఎదురుచూసి చూసి ఆశ వదులుకుని పోయిందా? ఆమె అతన్ని అదే అడిగింది. అతనికి తెలియదు. తెలిసినా చెప్పేవాడు కాదేమో. వెళ్ళేముందు అతని మంచినీళ్ళ సీసా నింపి చేతికి అందేలా పెట్టింది.

ఆ మర్నాడే ఆమె పనిలోకి వచ్చింది. ఎందుకు వచ్చావని ఎవరూ అడగలేదు. ఓవెను తలుపు బందు ఊడిపోయి ఉంటే తాడుతో కట్టింది, గట్టు కడిగింది, కార్జం పొయ్యి మీద పెట్టింది. ఇప్పుడు కుక్కలతో పాటు ఎక్కడికి పిలుపొచ్చినా ఆమె కూడా వెళ్తుంది. చిన్న పొయ్యి ఒకటి, పెనం ఒకటి వ్యానులోనే ఉంటాయి. తర్ఫీదులో కుక్కల కోసం దాక్కోవడానికి మనిషి తక్కువైతే అందరినీ అడుగుతారు, ఆమెను అడగరు. అడిగినా మళ్ళీ ఆ చీకట్లోకి దూరడం ఆమె వల్ల కాదు. స్నానాల గది తలుపు కూడా పూర్తిగా వేసుకోదు. లాండ్రీ ఉన్న చోట ఇప్పుడు ఖాళీ స్థలం, దానికి రేకుల కంచె. అటు వెళ్ళే దారి దగ్గరైనా ఆమె చుట్టూ తిరిగి ఇంకో వీధిలోంచే ఇంటికి వెళ్తుంది. చేతిలో కార్జం వాసన పట్టి వెంటపడే కుక్కలను మాత్రం ఎప్పుడూ అదిలించదు.